నాలుగు బాంబులు తగిలినా మునగని ప్లిమత్

1982లో బ్రిటన్, అర్జెంటీనాల మధ్య జరిగిన ఫాక్‌లాండ్స్ యుద్ధంలో నాలుగు బాంబులు తగిలినా మునగని బ్రిటిష్ ఫ్రిగేట్ (ఒక రకం యుద్ధనౌక) ఏది, తర్వాత ఏమైంది అని అడిగారు. అది హెచ్‌ఎంఎస్ ప్లిమత్. రోథ్‌సే తరగతి ఓడ. ఇంగ్లండ్‌లోని డెవన్‌పోర్ట్‌లో కట్టి 1959లో నీళ్లలోకి దించారు, 1961లో నౌకాదళంలో చేరింది.

1982 ఏప్రిల్‌లో దక్షిణ జార్జియా (దక్షిణ అట్లాంటిక్ దీవి)లోని అర్జెంటీనా అధికారి ఆస్టిజ్ లొంగుబాటు పత్రం మీద సంతకం చేసింది ఈ ఓడలోని అధికారుల భోజనాల గదిలోనే.

జూన్ 8న అర్జెంటీనా డాగర్ యుద్ధ విమానాలు మీదపడ్డాయి. ఒక బాంబు పొగగొట్టాన్ని ఈ వైపు నుంచి ఆ వైపుకి చీల్చుకుంటూ పోయింది. మరో రెండు బాంబులు, జలాంతర్గాముల్ని కొట్టే మోర్టార్‌ను ధ్వంసం చేశాయి. ఇంకొకటి హెలికాప్టర్ డెక్‌కి తగిలితే అక్కడున్న డెప్త్ ఛార్జ్ (జలాంతర్గాముల మీద వేసే, నీళ్లలో పేలే బాంబు) పేలి మంటలు లేచాయి. విమానాలు వేసిన బాంబులు మాత్రం ఒక్కటీ పేలలేదు. ఆ యుద్ధంలో పైలట్లు మరీ కింద నుంచి వదలడంతో చాలా బాంబుల ఫ్యూజులకు (బాంబును పేల్చే భాగాలకు) సిద్ధమయ్యే టైమ్ దొరకలేదు. ఓడలో ఐదుగురు గాయపడ్డారు, ఎవరూ చనిపోలేదు. నావికులే మంటలు ఆర్పి ఓడను నిలబెట్టుకున్నారు.

1988లో రిటైరయ్యాక ఇంగ్లండ్‌లోని బర్కెన్‌హెడ్‌లో మ్యూజియంగా ఉంచారు. 2006లో అది మూతపడింది. కాపాడాలని అభిమానులు ఎంత పోరాడినా, 2014లో టర్కీకి లాక్కెళ్లి తుక్కు చేశారు. అలాంటి ఓడను నిలుపుకోవాల్సిందని నాకు గట్టిగా అనిపిస్తుంది.