నల్లజాతి సూపర్ హీరోల మీద వ్యాసం రాయబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి రాసేది.

అమెరికన్ కామిక్ పుస్తకాలలో నల్లజాతి సూపర్ హీరోలను, ఇతర మైనారిటీ వర్గాల హీరోలను చిత్రించిన తీరు మీద సిద్ధాంత వ్యాసం రాయడానికి అనుమతి దొరికిందన్న నీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. ఎక్కడ మొదలుపెట్టాలో, దేనికి ఎంత చోటివ్వాలో చెప్పమన్నావు. ఉస్మానియా ప్రాంగణంలో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ నిండుగా నడిచిన రోజులలో అక్కడ కూర్చుని చదువుకున్నవాణ్ణి, తరువాత ఆ దేశపు సాహిత్యాన్నే పాఠంగా చెప్పినవాణ్ణి, నవలలకు ఇచ్చినంత శ్రద్ధా కామిక్స్‌కూ ఇచ్చినవాణ్ణి కనుక ఈ విషయంలో నా అభిప్రాయాలు కొంచెం గట్టిగానే ఉంటాయి. వాటిని దాచుకోకుండా రాస్తున్నాను.

ముందుగా, ఎవరు మొదటివారన్న పోటీలో నీ పుటలు ఖర్చు చేయవద్దు. 1965లో డెల్ సంస్థ వేసిన ‘లోబో’ నల్లజాతి నాయకుడి పేరుతో వచ్చిన తొలి కామిక్ పుస్తకం, కానీ అతడు అతీత శక్తులు లేని కౌబాయ్. 1966 జూలై తేదీతో వచ్చిన ‘ఫెంటాస్టిక్ ఫోర్’ 52వ సంచికలో కనిపించిన బ్లాక్ పాంథర్ సూపర్ హీరోయే, కానీ ఆఫ్రికా రాజు. 1969లో వచ్చిన ఫాల్కన్ అమెరికన్ నల్లజాతీయుడే, కానీ కెప్టెన్ అమెరికాకు సహచరుడు. 1972లో ల్యూక్ కేజ్‌కు సొంత పత్రిక వచ్చింది, కానీ జైలు నుంచి వచ్చిన మనిషిగా వచ్చింది. ప్రతి ‘మొదటి’కీ ఒక ‘కానీ’ తగులుకుని ఉండడం నీకు కనిపిస్తుంది. ఉన్నాడా లేడా అన్న ప్రశ్నను పక్కన పెట్టి, కథలో అతడికి ఏమేమి ఇచ్చారో అడుగు. ఇల్లు ఇచ్చారా, బంధువులను ఇచ్చారా, తనవారితోనే వాదించే అవకాశం ఇచ్చారా, తప్పు చేసినా తన జాతి మొత్తానికి మచ్చ రాకుండా బతికే వెసులుబాటు ఇచ్చారా? నీ వ్యాసమంతా ఈ ప్రశ్న మీదే నిలబడాలని నా కోరిక.

సూపర్ హీరోలకు ముందు కాలాన్ని ఒక అధ్యాయంగా పెట్టుకో, లేకపోతే తరువాత వచ్చినవారు దేనితో పోరాడవలసి వచ్చిందో పాఠకుడికి తెలియదు. మా తరం భారతీయులు ఇంద్రజాల్ కామిక్స్ ద్వారా ఆ కాలాన్ని తెలియకుండానే చదివారు. 1934లో మొదలైన మాంత్రికుడు మాండ్రేక్ కథలలో లోథార్ చిరుతపులి చర్మం కట్టుకుని, ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషు మాట్లాడే సేవకుడు. అతడు కూడా రాకుమారుడేనని కథలో చెబుతారు, కానీ ఆ రాచరికం అతడికి ఎందుకూ పనికిరాదు. 1965లో బొమ్మలు వేసే పని ఫ్రెడ్ ఫ్రెడరిక్స్ చేతికి వచ్చిన తరువాతగానీ అతడి మాటా దుస్తులూ మారలేదు. విల్ ఐస్నర్ వంటి మహా చిత్రకారుడు 1940లో మొదలుపెట్టిన ‘ది స్పిరిట్’లో ఎబొనీ వైట్ అనే కుర్రవాణ్ణి ఉబ్బిన పెదవులతో, గుండ్రటి కళ్లతో వేశాడు. ఐస్నర్ బొమ్మల గొప్పతనం వల్ల ఎబొనీకి మేలు జరగలేదని రాయడానికి జంకవద్దు. గొప్ప చేతులు వేసిన అవమానం ఎక్కువ కాలం నిలిచింది.

ఆ రోజులలో అందరూ అలాగే ఆలోచించేవారన్న సమర్థన నీకు తరచుగా ఎదురవుతుంది. దానికి జవాబు ఆ కాలంలోనే ఉంది. కెప్టెన్ మార్వెల్ కథలలోని స్టీమ్‌బోట్ అనే వికృతమైన పాత్రను తీసేయమని న్యూయార్క్ బడి పిల్లలు కొందరు ఫాసెట్ సంస్థ కార్యాలయానికే వెళ్లి సంపాదకుణ్ణి అడిగారు, 1945లో ఆ పాత్ర ఆగిపోయింది. 1947లో ఫిలడెల్ఫియా పాత్రికేయుడు ఓరిన్ సి. ఎవాన్స్ నల్లజాతి రచయితలను, చిత్రకారులను కూడగట్టి ‘ఆల్-నీగ్రో కామిక్స్’ తెచ్చాడు. తక్కిన పుస్తకాలు 10 సెంట్లకు దొరుకుతుంటే దాని వెల 15 సెంట్లు. ఏస్ హార్లెం అనే డిటెక్టివ్, లయన్ మాన్ అనే వీరుడు అందులో ఉన్నారు. రెండవ సంచిక సిద్ధమైనా, అచ్చు కాగితం అమ్మేవారు లేక అది వెలువడలేదు. పాఠకులు తిరస్కరించినందువల్ల ఆగిన పత్రిక కాదది, పాఠకుల దాకా వెళ్లనివ్వనందువల్ల ఆగినది. అమ్ముడుపోలేదు అన్న మాట ఎక్కడ చదివినా, ఎవరు అమ్మనిచ్చారు అని ఒకసారి అడిగి చూడు. ‘లోబో’ రెండు సంచికలతో నిలిచిపోవడానికి కూడా, దుకాణాలకు పంపిన కట్టలు విప్పకుండానే తిరిగి రావడం కారణమని దాని చిత్రకారుడు టోనీ టల్లారికో చెప్పాడు.

‘జడ్జ్‌మెంట్ డే’ అనే ఏడు పుటల కథకు తప్పకుండా చోటివ్వు. అది సూపర్ హీరో కథ కాదని నీ ఆచార్యులు అభ్యంతరం చెబితే నా పేరు చెప్పి వాదించు. 1953లో ‘వియర్డ్ ఫాంటసీ’ 18వ సంచికలో ఇ.సి. సంస్థ దాన్ని ప్రచురించింది. భూమి నుంచి వెళ్లిన వ్యోమగామి ఒక రోబోల గ్రహాన్ని తనిఖీ చేస్తాడు. అక్కడ నారింజ రంగు రోబోలకూ నీలం రంగు రోబోలకూ పైతొడుగు తప్ప లోపల ఏ తేడా లేదని, అయినా నీలం రోబోలను నగరంలో వేరే పేటలో ఉంచారని గమనించి, విశ్వ గణతంత్రంలో చేరే అర్హత ఆ గ్రహానికి ఇంకా రాలేదని చెప్పి తిరిగి వెళ్లిపోతాడు. కథ పొడవునా శిరస్త్రాణంలో దాగిన అతడి ముఖం చివరి చిత్రంలో బయటపడుతుంది. అతడు నల్లజాతీయుడు. చెమట బిందువులు నక్షత్రాల్లా మెరిసే ఆ ముఖాన్ని జో ఓర్లాండో వేశాడు. 1954లో కామిక్స్ కోడ్ అనే సెన్సారు వ్యవస్థ ఏర్పడిన తరువాత దాన్ని మళ్లీ ముద్రించబోతే, కోడ్ అధికారి ఛార్లెస్ మర్ఫీ ఆ వ్యోమగామి నల్లవాడు కాకూడదన్నాడు. కథకు ప్రాణమే అదని రచయిత అల్ ఫెల్డ్‌స్టైన్, ప్రచురణకర్త విలియం గెయిన్స్ పట్టుబట్టి, 1956లో ఉన్నదున్నట్టుగా ముద్రించారు. ఇ.సి. వేసిన చివరి కామిక్ పుస్తకం అదే. ఒక్క ముఖాన్ని చూపడానికి ఎంత పట్టుదల కావలసి వచ్చిందో తెలిసినవారికే, పదేళ్ల తరువాత మార్వెల్ సంస్థలో స్టాన్ లీ, జాక్ కర్బీ బ్లాక్ పాంథర్ ఏలే వకాండా అనే ఆఫ్రికా దేశాన్ని ఊహించడం ఎంత పెద్ద అడుగో అర్థమవుతుంది.

బ్లాక్ పాంథర్ గురించి రాసేటప్పుడు 2018 సినిమాను తలకెక్కించుకుని వెనక్కి చదవవద్దు. నువ్వు ఎదిగిన కాలానికి ఆ సినిమాయే ద్వారం, అందులో తప్పేమీ లేదు. అయితే ఆ రాజు సొంత కథ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశాడు, చివరికి 1973లో అది దొరికిన పత్రిక పేరు ‘జంగిల్ యాక్షన్’. అడవిలో తెల్లదొరల సాహసాలను ముద్రించే పాత రకం పత్రిక అది. దానిలోనే డాన్ మెక్‌గ్రెగర్ అనే తెల్ల రచయిత, బిల్లీ గ్రాహం అనే నల్ల చిత్రకారుడు వంటివారితో కలిసి, దాదాపు పాత్రలన్నీ వకాండావారే అయిన సుదీర్ఘ కథను నడిపాడు. తెల్లవారెక్కడ అన్న ప్రశ్న సంస్థ లోపలి నుంచే వచ్చిందని ఆయన తరువాత చెప్పాడు. రాజును ఒక దేశానికి రాజుగా చూపడమంటే ఇదే. అతడిని ఎదిరించేవారూ, ప్రేమించేవారూ, విసుక్కునేవారూ అక్కడి ప్రజలే. ఆ తరువాత నల్లవారి మీద దాడులు చేసే తెల్లజాతి దురహంకారుల ముఠా కూ క్లక్స్ క్లాన్‌తో తలపడే కథ మొదలై, 1976లో పత్రికే ఆగిపోవడంతో సగంలో నిలిచింది. ఈ సంచికలను తొందరపడకుండా చదువు, వీటికి నీ వ్యాసంలో పెద్ద భాగమే ఇవ్వవచ్చు.

1970లలోని మిగతావారిని త్వరగా దాటవచ్చు. ‘బ్లాక్’ అన్న మాటను పేరు ముందు తగిలించే అలవాటు, నల్ల వీరుడంటే వీధి నేరాలే చూసుకోవాలన్న హద్దు అందరూ గమనించినవే. రెండు సంగతులను మాత్రం వదలవద్దు. సామాజిక సేవకుడిగా పరిచయమైన ఫాల్కన్‌కు 1975లో దొంగ వ్యాపారాల గతాన్ని అంటగట్టి, అసలు మనిషి అతడేనన్నారు. ఆరేళ్లు గౌరవంగా బతికిన పాత్రను ఒక్క సంచికలో పాత మూసలోకి ఎలా నెట్టవచ్చో చూపడానికి అంతకన్న మంచి ఉదాహరణ లేదు. ఇక డి.సి. సంస్థలో, నల్లవారిని ద్వేషించే ఒక తెల్లవాడు ఆపద సమయంలో నల్ల సూపర్ హీరోగా మారిపోయే కథ సిద్ధమై ఉంటే, టోనీ ఇసబెల్లా దాన్ని ఆపించి, దాని స్థానంలో 1977లో బ్లాక్ లైట్నింగ్‌ను తెచ్చాడు. అతడు తాను పెరిగిన పేటకే తిరిగి వచ్చిన బడి ఉపాధ్యాయుడు.

నీ వ్యాసానికి గుండెకాయ 1993లో ఉంది. డ్వెయిన్ మెక్‌డఫీ, డెనిస్ కోవన్, మైకేల్ డేవిస్, డెరెక్ డింగిల్ అనే నలుగురు నల్లజాతీయులు మైల్‌స్టోన్ మీడియాను స్థాపించారు. డి.సి. ముద్రించి పంపిణీ చేసినా, పాత్రల మీద హక్కు మైల్‌స్టోన్‌దే. అంతకు ముందు మార్వెల్‌లో పనిచేసినప్పుడు మెక్‌డఫీ, నల్ల కుర్రాళ్లందరికీ స్కేట్‌బోర్డు ఇచ్చే అలవాటును ఎద్దేవా చేస్తూ సంపాదకులకు ఒక వెక్కిరింపు ప్రతిపాదన పంపాడు. దాన్ని సంపాదించి చదువు. ఆయన బాధ ఒక్కటే. కథలో నల్లవాడు ఒక్కడే ఉంటే అతడు మనిషి కాలేడు, జాతి ప్రతినిధి అయిపోతాడు. అందుకు మైల్‌స్టోన్ కనిపెట్టిన పరిష్కారం డకోటా అనే నగరాన్ని నల్లజాతి, లాటినో, ఆసియా వర్గాల మనుషులతో నింపడం. ‘ఐకాన్’ చూడు. 1839లో అమెరికా దక్షిణ ప్రాంతంలో దిగిన గ్రహాంతరవాసి, తనను కనుగొన్న బానిస స్త్రీ రూపాన్ని బట్టి నల్లజాతి శిశువుగా మారి, మన కాలానికి సంపన్నుడైన, సంప్రదాయవాది అయిన న్యాయవాదిగా స్థిరపడతాడు. అతడిని హీరోగా మారమని నిలదీసే రాకెల్ పేదల పేట పిల్ల, ఆ వయసులోనే తల్లి కాబోతున్నది. కష్టపడితే ఎవరైనా పైకి రావచ్చని అతడు, నీకు దొరికినవి అందరికీ దొరకలేదని ఆమె పుటల తరబడి వాదించుకుంటారు. ఎవరినీ రచయిత గెలిపించడు. నేను మొదట అడగమన్న ప్రశ్నకు ఇంతకన్న నిండైన జవాబు ఆ దశాబ్దపు కామిక్స్‌లో నేను చదవలేదు.

కలం ఎవరి చేతిలో ఉందో తప్పక చూడు, కానీ అక్కడే ఆగవద్దు. 1998లో బ్లాక్ పాంథర్ రాసిన క్రిస్టఫర్ ప్రీస్ట్ నల్లజాతి రచయిత. ఆయన కథను ఎవరెట్ రాస్ అనే తెల్ల అధికారి నోట చెప్పించాడు. పాంథర్‌ను తక్కువగా చూసే పాఠకుడి మనసును రాస్ మాటలలో ముందే బయటపెట్టి, ఆ తరువాత రాజు ఎత్తును చూపడం ఆయన పన్నిన ఉపాయం. రచయిత జాతి మాత్రమే చూసేవారికి ఈ నేర్పు కనిపించదు. అలాగే 2003లో రాబర్ట్ మోరాలెస్, కైల్ బేకర్ చేసిన ‘ట్రూత్’ను టస్కిగీ ప్రయోగాల చరిత్రతో కలిపి చదువు. 1932 నుంచి 1972 వరకు అమెరికా ప్రజారోగ్య శాఖ సిఫిలిస్ ఉన్న నల్ల పురుషులకు చికిత్స ఇవ్వకుండా గమనిస్తూ కూర్చున్న ఆ నేరం తెలియకుండా, మామూలు మనిషిని కెప్టెన్ అమెరికాగా మార్చిన మందును ముందు నల్ల సైనికుల మీద ప్రయోగించారన్న ఆ కథ బరువు అందదు.

ఇతర మైనారిటీల గురించి ఒక అధ్యాయం చాలు, కానీ అందులో అందరినీ ఒకే గాటన కట్టవద్దు. 1975లో ఎక్స్-మెన్ అనే సూపర్ హీరోల దళంలో చేరిన, అపాచీ అనే అమెరికా ఆదివాసీ తెగ వీరుడు థండర్‌బర్డ్‌ను ఆ ఏడాదే చంపేశారు, అతడితో పాటు అదే సంచికలో పుట్టిన నల్ల వీరనారి స్టార్మ్ ఆ దళానికే నాయకురాలైంది. చైనా వీరుడు షాంగ్-చీని 1973 నాటి ముద్రణలో చూస్తే చర్మానికి వేసిన రంగే మనసు నొప్పిస్తుంది. 2014లో సొంత పత్రికతో వచ్చిన కమలా ఖాన్ జెర్సీ సిటీలో పెరిగిన పాకిస్తానీ కుటుంబపు పిల్ల. సంపాదకురాలు సనా అమానత్, రచయిత్రి జి. విల్లో విల్సన్ ఆమెకు భోజనాల బల్ల దగ్గరి గొడవలతో సహా ఒక ఇల్లు ఇచ్చారు. నీకు ఆ ఇల్లు సొంత ఇల్లులా అనిపించడం సహజమే. అయితే ఆ ఆత్మీయతతో నల్లజాతి చరిత్రను కూడా మన అనుభవంగా రాసుకోవద్దు. మనం ఆ దేశానికి వీసాలతో వెళ్లినవాళ్లం. పైగా మన బొమ్మల పుస్తకాలలో రాక్షసులకు నలుపు, దేవకన్యలకు పసిమి పూసిన అలవాటు మనకు తెలియనిది కాదు, ముందుమాటలో ఆ సంగతి నిజాయితీగా ఒప్పుకుంటే నీ విమర్శకు బలం వస్తుంది.

ఇక పని పద్ధతి. సాధ్యమైనంతవరకు అసలు సంచికలే చదువు. పునర్ముద్రణలలో రంగులు మారుస్తారు, పాఠకుల ఉత్తరాలు తీసేస్తారు. నాలుగు రంగుల పాత అచ్చులో నల్ల చర్మం బూడిద రంగుగానో మట్టి రంగుగానో దిగడానికి అచ్చు పరిమితి కొంత, ఆ పరిమితిని ఎవరూ పట్టించుకోకపోవడం కొంత కారణం. 1963లో గేబ్ జోన్స్ అనే నల్ల సైనికుడి పాత్ర అచ్చులో పొరపాటున తెల్లవాడిగా వచ్చిందంటే నమ్ముతావా? ఉత్తరాల పుటలలో మెచ్చినవారూ, నల్ల హీరో ఎందుకన్నవారూ పక్కపక్కనే ఉంటారు. ఆ గొంతులు వేరే ఎక్కడా దొరకవు. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోనూ, ఓహాయో స్టేట్‌లోని బిల్లీ ఐర్లండ్ గ్రంథాలయంలోనూ పెద్ద సేకరణలున్నాయి, ముందుగా ఉత్తరం రాసి వెళ్లు. ప్రతి సంచికకూ రచయిత, చిత్రకారుడు, రంగులు వేసినవారు, సంపాదకుడు ఎవరో నోటు పుస్తకంలో రాసుకో. కథ సారాంశం కన్నా ఆ పేర్లే నీకు ఎక్కువ పనికొస్తాయి.

‘జంగిల్ యాక్షన్’, ‘ఐకాన్’ రెండూ చదవడం పూర్తయ్యాక ఆ రెండు అధ్యాయాల ముసాయిదా ముందుగా నాకు పంపు. వరుసలో అవి మొదటివి కాకపోయినా ఫరవాలేదు, తక్కినవన్నీ వాటిని చూసి దిద్దుకోవచ్చు.

ఇట్లు,
మీ మామయ్య