రెండోసారి ఎవరు వచ్చారో రాసిపెట్టు

చిరంజీవి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే పైథాన్ భాష నేర్చుకునే మీ గ్రూపు విజయనగరంలో నిలదొక్కుకుందని విని సంతోషించాను. అమ్మాయిలు, పల్లెల నుంచి వచ్చే పిల్లలు, అన్ని రకాలవాళ్లూ మనలో ఉన్నారా లేదా అన్నది ఎలా లెక్కకట్టాలని అడిగావు. గ్రూపు పెట్టినవాళ్లలో ఈ సంగతి ఆలోచించేవాళ్లు తక్కువ బాబూ. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

వచ్చినవాళ్ల తలలు లెక్కపెడితే తెలిసేది కొంచెమే. పోస్టర్ చూసో, ఫ్రెండ్ లాక్కొస్తేనో మొదటిసారి ఎవరైనా వస్తారు. రెండోసారి ఎవరొచ్చారు, ఎవరు మానేశారు అన్నదే నీకు కావాల్సిన లెక్క. ఒక నోట్‌బుక్ పెట్టి ప్రతి మీటింగ్ తర్వాత నాలుగు సంగతులు రాయి. మళ్లీ వచ్చిందెవరు, ప్రశ్న అడిగిందెవరు, కీబోర్డు ఎవరి చేతిలో ఉంది, ముందు నిలబడి చెప్పిందెవరు. ఇద్దరికి ఒక లాప్‌టాప్ ఇచ్చినప్పుడు చూడు, ఎక్కువసార్లు అబ్బాయి టైప్ చేస్తుంటాడు, అమ్మాయి పక్కన కూర్చుని చూస్తుంటుంది. హాజరు పట్టీలో ఇద్దరూ ఒకటే, నేర్చుకున్నది మాత్రం ఒక్కడే.

కిందటి నెల వచ్చినప్పుడు వెనక కూర్చుని మీ మీటింగ్ అంతా చూశాను. ఆదివారం సాయంత్రం నాలుగింటికి మొదలై ఏడింటికి అయింది. మొదటి రెండు గంటలూ ఉపన్యాసం, ఆఖరి గంట ప్రాక్టీసు. ఆరు కాకముందే తలుపు దగ్గరి వరసలో అమ్మాయిలు ఫోన్లో టైమ్ చూసుకోవడం మొదలుపెట్టారు. గజపతినగరం, చీపురుపల్లి వెళ్లాల్సినవాళ్లు. చీకటి పడకముందే కాంప్లెక్స్‌కి చేరి బస్సెక్కాలి, లేకపోతే ఇంట్లో వచ్చేవారం పంపరు. అంటే వాళ్లు విన్నారు గానీ కోడ్ రాయకుండానే వెళ్లిపోయారు. మీవాళ్లలో ఒకబ్బాయి "వీళ్లకి ఇంట్రెస్ట్ లేదండీ" అన్నాడు నాతో. ఇంట్రెస్ట్ లేకపోతే అంత దూరం నుంచి ఎందుకొస్తారు? మీటింగ్ పొద్దున పదింటికి మార్చు. ప్రాక్టీసు ముందు పెట్టు, ఉపన్యాసం తర్వాత. రెండు మూడు నెలలు చేసి నోట్‌బుక్ మళ్లీ చూడు.

అమ్మాయిలు బాగానే వస్తున్నారన్నావు కదా, దేనితో పోల్చి అన్నావు? ప్రోగ్రామర్లు కోడ్ దాచుకుని పంచుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్ 2017లో ఓపెన్ సోర్స్ (అందరికీ కోడ్ తెరిచిపెట్టే సాఫ్ట్‌వేర్) మీద చేసిన సర్వేలో జవాబిచ్చినవాళ్లలో 95 శాతం మగవాళ్లు, 3 శాతం ఆడవాళ్లు. దాని పక్కన పెడితే ఏ గ్రూపైనా గొప్పగానే కనిపిస్తుంది. నువ్వు పోల్చాల్సింది మన ఊళ్లతో. ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ క్లాసుకి వెళ్లి చూడు, చాలాచోట్ల దాదాపు సగం మంది అమ్మాయిలే. క్లాసులో సగం ఉన్నవాళ్లు మీ దగ్గర పదోవంతు కూడా లేకపోతే, దారిలో ఎక్కడ ఆగిపోతున్నారో మీరు వెతకాలి.

ఇది మారని సంగతేం కాదు. ఉత్తర అమెరికాలో ఏటా జరిగే పైథాన్ సదస్సు పైకాన్‌లో 2011లో మాట్లాడినవాళ్లలో ఆడవాళ్లు 1 శాతం. 2014కి మూడోవంతు అయ్యారు, 2016కి 40 శాతం. అక్కడి నిర్వాహకుల్లో జెస్సికా మెక్‌కెల్లర్ లాంటివాళ్లు ఆడవాళ్లను పేరుపేరునా అడిగారు, "నువ్వు మాట్లాడు, ప్రపోజల్ రాయడానికి సాయం చేస్తాం" అని వెంటపడ్డారు. ఎవరైనా రావచ్చని గోడ మీద నోటీసు అంటిస్తే వచ్చేది ఎప్పుడూ వచ్చేవాళ్లే. మన పిల్లలకి మొహమాటం ఎక్కువ, పిలిస్తేగానీ ముందుకి రారు. ఒకసారి "నాకు రాదు సార్" అంటే వదిలేయకు. ఇంకోసారి అడుగు, టాపిక్ చిన్నదిచ్చి అడుగు.

ఇక వచ్చినవాళ్ల వివరాలు రాయించుకునే ఫారం సంగతి. జవాబు తెలిశాక మీరు ఏమీ మార్చలేని ప్రశ్న అడగొద్దు. లాప్‌టాప్ ఉందా, ఇంటికి చేరడానికి ఎంతసేపు, ఇంటర్ దాకా ఏ మీడియం, ఇంట్లో కాలేజీకొచ్చిన మొదటి మనిషివా? వీటిలో ప్రతిదానికీ మీరు చేయగలిగింది ఒకటుంది. పేరు అక్కర్లేదు. "చెప్పడం ఇష్టం లేదు" అన్న గడి ప్రతి ప్రశ్నకీ ఉండాలి. ఇంత చిన్న గ్రూపులో ఊరు, కాలేజీ, కులం మూడూ ఒకే కాగితం మీద అడిగితే ఆ మనిషెవరో ఇట్టే తెలిసిపోతుంది, అందుకే కులం గడి పెట్టొద్దంటాను. అలాగని ఆ సంగతి గాలికి వదిలేయమనడం లేదు. సాంఘిక సంక్షేమ, గిరిజన సంక్షేమ హాస్టళ్లకి మీరే వెళ్లండి. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు నుంచి వచ్చి చదువుకుంటున్న సవర, జాతాపు గిరిజన పిల్లలున్నారు, వాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చోండి. వెళ్తే ఎవరు రావడం లేదో ఫారం లేకుండానే తెలుస్తుంది. ఏ లెక్కలోనైనా ఐదుగురికంటే తక్కువుంటే ఆ అంకె బయటపెట్టకు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల వివరాలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా తీసుకోకు, 2023 నాటి డేటా రక్షణ చట్టం కూడా అదే చెప్తోంది. మానేసినవాళ్లు ఎలాగూ ఫారం నింపరు కాబట్టి వాళ్లకి నువ్వే ఫోన్ చేయి. ఎందుకు మానేశావని నిలదీయకుండా, మేమేం మార్చాలో చెప్పమని అడుగు.

మీ పోస్టర్ మీద "లాప్‌టాప్ తప్పనిసరి" అనుంది, తీసేయి. ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా ఇంటర్నెట్‌లోనే పైథాన్ రాసుకునే గూగుల్ కోలాబ్ ఫోన్ బ్రౌజర్‌లోనూ నడుస్తుంది, మొదటి పాఠాలకి అది చాలు. తెలుగు మీడియం పిల్లలకి మొదటి గంట తెలుగులోనే చెప్పండి. 2008లో పైథాన్ 3 వచ్చినప్పటి నుంచి వేరియబుల్ పేర్లు, అంటే విలువలు దాచుకోవడానికి మనం పెట్టే పేర్లు, తెలుగులో పెట్టుకోవచ్చు. ధర, మొత్తం, మార్కులు అని రాసి చూపించు. ఇఫ్, ఫర్ లాంటి పైథాన్ సొంత మాటలు ఎలాగూ ఇంగ్లీషులోనే ఉంటాయి, అవి నాలుగు రోజుల్లో అలవాటవుతాయి. ఎర్రగా ఎర్రర్ కనిపించగానే పిల్లలు బిగుసుకుపోతారు. ఆఖరి లైన్ ముందు చదవాలి, తప్పేంటో అక్కడే రాసుంటుందని మొదటిరోజే చెప్తే సగం టెన్షన్ పోతుంది.

చూపు లేని కుర్రాడొకడు చేరతానంటున్నాడని, పైథాన్‌లో ఇండెంటేషన్ (లైన్ మొదట్లో వదిలే ఖాళీ, దాన్నిబట్టే కోడ్ అర్థం మారుతుంది) అతనికి ఎలా తెలుస్తుందని మీరు తటపటాయిస్తున్నారని రాశావు. రమ్మను. తెర మీద ఉన్నది చదివి వినిపించే, చాలామంది వాడే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్‌ను 2006లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టిన మైకేల్ కరన్‌కి చూపు లేదు, అది చాలావరకు పైథాన్‌లోనే రాసింది. లైన్ ఎంత లోపలికి జరిగిందో మాటతోనో శబ్దంతోనో చెప్పే సెట్టింగ్ అందులో ఉంది. మీటింగ్‌కి ముందే అతని లాప్‌టాప్‌లో అది ఆన్ చేసి పెట్టండి. స్లైడ్ చూపించి "ఇదిగో ఇక్కడ" అనడం మానేసి, లైన్ నంబరు చెప్పి చదవండి.

ఇంకొకటి, నిర్ణయాలన్నీ మీ నలుగురు ఫ్రెండ్స్‌ చేతిలోనే ఉన్నాయి. పైథాన్‌ని పుట్టించిన గిడో వాన్ రోసమ్ 2018లో పక్కకి తప్పుకున్నాక, ఎన్నికైన ఐదుగురి కౌన్సిల్ బాధ్యత తీసుకుంది. మీరూ ఆరునెలలకోసారి బాధ్యతలు మార్చుకోండి. హాలు తాళం, వాట్సాప్ గ్రూప్ అడ్మిన్, డబ్బు లెక్క, ఈ మూడూ కొత్తవాళ్ల చేతికి వెళ్లాలి. అమ్మాయిలకి ఎప్పుడూ స్వాగతం చెప్పే పని, టీ కప్పులు పంచే పని అప్పగించడం నాకు నచ్చలేదు, అది ఈ వారమే మానేయండి.

మీ నోట్‌బుక్‌లో ఉన్నది ఉన్నట్టు ఫోటో తీసి పంపు, బాగా కనిపించాలని సరిచేయకు. కిందటిసారి లిస్ట్ స్లైసింగ్ (జాబితాలోంచి కొంత భాగం తీసుకోవడం) గురించి మంచి ప్రశ్న అడిగిన చీపురుపల్లి అమ్మాయి గుర్తుంది కదా, వచ్చే నెల పాఠం చెప్పమని మిగతా ఎవరినీ అడగకముందే ఆమెకి ఫోన్ చేయి. ప్రిపేర్ అవడానికి సాయం కావాలంటే నా నంబరివ్వు, సాయంత్రాలు నేను ఖాళీగానే ఉంటాను.

మీ పెద్దమ్మ