దారిలో పాప బట్టలు చేతికి అందాలంటే

రైల్లో పాప వాంతి చేసుకోగానే బట్టల కోసం మూడు పెట్టెలూ తెరవాల్సి వచ్చిందన్నారు. సామాను ఎక్కువై కాదు, మనిషికో పెట్టె చొప్పున సర్దడం వల్లే ఈ తిప్పలు.

1. పాప చొక్కా, లాగు, లోదుస్తులు, మేజోళ్లు కలిపి జతగా చుట్టండి. చీకట్లో ఏది లాగినా పూర్తి జత రావాలి.

2. రెండు జతలు, డైపర్లు, వైప్స్, మంచినీళ్లు, మందులు భుజం సంచిలో వేసి కాళ్ల దగ్గరే ఉంచుకోండి. సిరప్పుతో పాటు దాని కొలత కప్పు కూడా. చెంచాలన్నీ ఒకే కొలతలో ఉండవు.

3. దాదాపు అందరూ మరిచేది: ఎత్తుకునేవారికి ఒక చొక్కా. వాంతి సగం వాళ్ల భుజం మీదే పడుతుంది. పాపకు బట్టలు మార్చి, అదే తడి చొక్కాతో మళ్లీ ఎత్తుకుంటే కొత్త జతా పాడవుతుంది. త్వరగా ఆరే పాత, పల్చటి చొక్కా ఒకటి సంచిలో అన్నిటికన్నా పైన పెట్టండి. పక్కనే మూతి బిగిసే ప్లాస్టిక్ సంచులు రెండు. తడిసినవి అందులో వేసి, దిగగానే ఉతకండి. మూసి వదిలేస్తే బూజు పడుతుంది.

బొమ్మల పెట్టె మానేయండి. పడుకునేటప్పుడు పట్టుకునే బొమ్మ ఒక్కటి చాలు, అదీ భుజం సంచిలోనే.