న్యాయంగా కొనాలని, న్యాయంగా తినాలని అనుకుంటున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఏ వస్తువు చూసినా దాని వెనక ఎవరి కష్టమో, ఏ ప్రాణి బాధో కనిపిస్తోందనీ, దుకాణంలో అరల ముందు నిలబడితే ఏదీ తీసుకోబుద్ధి కావడం లేదనీ రాశావు. ఆ బాధను పోగొట్టుకోమని నేను చెప్పను. అది ఉన్నవాళ్లు తక్కువ. అయితే దాన్ని అన్ని వస్తువుల మీదా సమానంగా పెట్టుకుంటే నెల తిరక్కుండానే అలసిపోతావు. ఈ దారిలో ఎంతో ఉత్సాహంగా బయలుదేరి మధ్యలో మానేసినవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లంతా అన్నీ ఒకేసారి మార్చబోయినవాళ్లే. నువ్వు తరచుగా కొనేవి ఏవో చూసుకో. వాటిలో రెండు మూడింటిని ఎంచుకుని వాటి సంగతి పూర్తిగా తెలుసుకో. మిగతావి ప్రస్తుతానికి ఎలా ఉన్నాయో అలాగే ఉండనీ.

అంతకంటే ముందు ఇంట్లో ఉన్నదాని మాట. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క ప్రకారం 2022లో ప్రపంచమంతటా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో దాదాపు 60 శాతం ఇళ్లలో పారేసిందే. హోటళ్లూ దుకాణాలూ కలిసి పారేసినదానికన్నా మన వంటిళ్లలో పోయిందే ఎక్కువ. పారేసిన ఆహారం ఎంత న్యాయంగా పండించినదైనా ఒరిగేదేముంది? అందుకని పాకెట్ మీద ఏ ధ్రువీకరణ ముద్ర ఉన్న సరుకు కొనాలా అని తల బద్దలు కొట్టుకునే ముందు, ఒక వారంపాటు చెత్తబుట్టలోకి ఏమేం వెళుతున్నాయో కాగితం మీద రాయి. ఒకటి రెండు పదార్థాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. అవి సగమే కొను. పాకెట్ మీది తేదీలను కూడా సరిగ్గా చదువు. ‘ఈ తేదీలోగా వాడితే మంచిది’ అన్నది రుచికీ నాణ్యతకూ సంబంధించిన మాట. సరిగ్గా దాచిన పదార్థమైతే ఆ తేదీ దాటాక కూడా చూసి, వాసన పట్టి వాడుకోవచ్చు. ‘ఈ తేదీలోపే వాడాలి’ అన్నది మాత్రం ఆరోగ్యానికి సంబంధించింది, దాన్ని తప్పక పాటించు.

తిండి విషయంలో చాలామంది ఎక్కడి నుంచి వచ్చిందన్నదే చూస్తారు. ఏం తింటున్నామన్నది అంతకన్నా ముఖ్యం. 2018లో జోసెఫ్ పూర్, థామస్ నెమెసెక్ అనే పరిశోధకులు 119 దేశాల్లోని దాదాపు 38,700 పొలాల వివరాలు సేకరించి లెక్కలు కట్టారు. ఆహారం వల్ల వెలువడే, భూమిని వేడెక్కించే వాయువుల్లో అధిక భాగం సాగులో, పశువుల పెంపకంలో పుట్టేవేనని, రవాణా వాటా చాలా తక్కువని తేలింది. విమానంలో వచ్చే సరుకు మాత్రం దీనికి మినహాయింపు. నెమరువేసే పశువులు వదిలే మీథేన్, వందేళ్ల లెక్కలో చూస్తే, కార్బన్ డయాక్సైడ్ కన్నా ఇరవై ఎనిమిది రెట్ల దాకా వేడిని పెంచుతుంది. నువ్వు మాంసం తింటావు కాబట్టి చెబుతున్నాను: పశువుల మాంసం, గొర్రె మాంసం తినే రోజులు తగ్గించి ఆ స్థానంలో పప్పుధాన్యాలు పెట్టుకుంటే, అదొక్కటే మిగతా చిన్న చిన్న మార్పులన్నిటికన్నా ఎక్కువ పని చేస్తుంది. పూర్తిగా మానేయాలా వద్దా అన్నది నీ మనసుకు సంబంధించినది. ఎవరి ఒత్తిడితోనూ తేల్చుకోవద్దు.

ముద్రల గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ఏ ముద్ర దేనికి హామీ ఇస్తుందో, దేనికి ఇవ్వదో తెలియాలి. ఆర్గానిక్ అంటే ఎరువులు, పురుగుమందుల గురించిన హామీ. పొలంలో పనిచేసిన మనిషికి కూలి ఎంత ఇచ్చారో అది చెప్పదు. ఫెయిర్‌ట్రేడ్ ముద్ర ఉంటే, మార్కెట్ ధర పడిపోయినా ఆ పంటకు నిర్ణయించిన కనీస ధర రైతు సంఘానికి అందుతుంది. దానిపైన కొంత అదనపు సొమ్ము కూడా వస్తుంది, దాన్ని దేనికి ఖర్చు పెట్టాలో రైతులే తేల్చుకుంటారు. ఇది మంచి ఏర్పాటే. అంతమాత్రాన ఆ రైతు సుఖంగా బతుకుతున్నాడని అర్థం కాదు. గుడ్ల పెట్టె మీద ‘పంజరాలు లేకుండా పెంచినవి’ అని ఉంటే, ఆ కోళ్లు జీవితమంతా కిక్కిరిసిన షెడ్డులోనే ఉండి ఉండవచ్చు. ‘ఫ్రీ రేంజ్’ అని ఉంటే బయటికి వెళ్లే వీలు ఉంటుంది. ఇక ‘సహజమైనది’, ‘ప్రకృతికి మిత్రుడు’ వంటి మాటల వెనక తనిఖీ చేసేవాళ్లెవరో రాయకపోతే వాటికి విలువ ఇవ్వకు.

నీకు చాక్లెట్ ఇష్టం కదా, మొదట దాని సంగతి చూడు. చాక్లెట్‌కు ముడిసరుకైన కోకోలో సగానికి పైగా పశ్చిమ ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్, ఘనా దేశాల నుంచే ప్రపంచానికి వస్తుంది. ఆ తోటల్లో అత్యంత దారుణమైన బాలకార్మిక వ్యవస్థను 2005 నాటికి రూపుమాపుతామని పెద్ద కంపెనీలు 2001లో మాట ఇచ్చాయి. గడువు మీద గడువు పెంచుకుంటూ వచ్చాయి. చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఆ రెండు దేశాల కోకో సాగులో పనిచేస్తున్న బాలలు దాదాపు 15.6 లక్షలు. నాకు కోపం తెప్పించే విషయాల్లో ఇదొకటి. రైతుకు గిట్టుబాటు ధర లేకపోవడమే దీనికి పెద్ద కారణం. పూర్తిగా మానేస్తే ఆ రైతుకు మేలేమీ జరగదు. కొంచెమే కొను, రైతుకు ఎక్కువ ధర చెల్లించేదాన్నే కొను.

ఖర్చు ఎక్కువవుతుందని భయపడ్డావు, నిజమే. వృథా తగ్గి మిగిలిన డబ్బును ఇలాంటి ఒకటి రెండు సరుకుల మీద పెట్టు. ఇంతకన్నా పెట్టలేనివాళ్లను తక్కువగా చూడకు. భోజనానికి పిలిచినవాళ్ల ఇంట్లో సరుకు ఎక్కడిదని ఆరా తీయకు. ఆప్యాయంగా పెట్టినవాళ్లను నొప్పించి సాధించేదేమీ లేదు.

ఉన్నవి అరిగేదాకా వాడటం దాదాపు ఎప్పుడూ కొత్తవి కొనడం కన్నా మేలే. పర్యావరణం కోసమని కొత్త నూలు సంచీ కొనబోకు. డెన్మార్క్ ప్రభుత్వం 2018లో చేయించిన అధ్యయనంలో, వాతావరణంపై ప్రభావం ఒక్కటే చూసినా మామూలు నూలు సంచీని కనీసం 52 సార్లు వాడితేగాని ప్లాస్టిక్ సంచీకి సమానం కాదని తేలింది. ఇంట్లో ఉన్న పాతదే పట్టుకెళ్లు.

బట్టల దగ్గర ఇంకొక పని కూడా చేయి. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రానా ప్లాజా భవనం కూలి 1,134 మంది చనిపోయారు. ముందురోజే గోడలకు పగుళ్లు కనిపించాయి. అయినా అందులోని దుస్తుల కర్మాగారాల కార్మికులను లోపలికి పంపారు. ఆ తర్వాత కార్మిక సంఘాలకూ కంపెనీలకూ మధ్య చట్టబద్ధమైన భద్రతా ఒప్పందం కుదిరింది, కర్మాగారాల్లో తనిఖీలు మొదలయ్యాయి. కార్మికులు పోరాడారు, కొనేవాళ్లు నిలదీశారు, అప్పుడే కంపెనీలు సంతకాలు పెట్టాయి. నువ్వు ఎక్కువగా కొనే కంపెనీకి ఒక ఉత్తరం రాయి. మీ దుస్తులు ఏ కర్మాగారాల్లో తయారవుతాయి, ఆ జాబితా ఎక్కడ ప్రకటించారు, అక్కడ భద్రతను ఎవరు తనిఖీ చేస్తారు అని మూడే ప్రశ్నలు అడుగు. పొడిపొడి జవాబు వస్తే మళ్లీ రాయి. వచ్చిన జవాబులు నాకూ పంపించు.

ఇట్లు,
నీ పెద్దమ్మ