రోజుకు ఇరవై పదాలు బట్టీ పట్టినా ఎందుకు నిలవడం లేదు?

తెలుగు మాధ్యమంలో చదివి, వ్యవసాయ డిప్లొమా చేశానని, రోజూ ఇరవై ఇంగ్లీషు పదాలు బట్టీ పడుతున్నా వారం తిరిగేసరికి ఒక్కటీ గుర్తుండటం లేదని రాశారు. ఇంటర్ దాకా నాదీ తెలుగు మాధ్యమమే. ఇప్పుడు ఉద్యోగంలో రోజంతా ఇంగ్లీషులో చదవడం, రాయడమే పని. నాకు పనికొచ్చిన దారి చెబుతాను.

మీ జ్ఞాపకశక్తికి ఏ లోటూ లేదు. అర్థం లేని అక్షరాల గుంపులను తానే కంఠస్థం చేసి, మనిషి వాటిని ఎంత వేగంగా మరిచిపోతాడో జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే లెక్కకట్టి చూపించాడు. ముందూ వెనుకా ఏమీ లేని పదాల పట్టిక కూడా మనసుకు అలాంటి గుంపే.

నేను పదాలు పోగుచేసుకున్నది ఇంగ్లీషు పత్రికలోని క్రికెట్ పేజీ నుంచి. రాత్రి మ్యాచ్ చూశాను కాబట్టి పొద్దున వార్తలో ఏముంటుందో ముందే తెలుసు. ‘టాప్ ఆర్డర్ కొలాప్స్‌డ్’ అని ఉంటే నిఘంటువు తెరవనక్కరలేదు. నలభై పరుగులకే ఐదు వికెట్లు పడటం కళ్లారా చూసినవాడికి ఆ మాట దానంతటదే బోధపడుతుంది. తర్వాత అదే మాట కూలిన వంతెన గురించి, పడిపోయిన ప్రభుత్వం గురించి, మధ్యలో చెడిన చర్చల గురించి రాసిన వార్తల్లోనూ కనిపించింది. ఆ వాక్యాలన్నీ నోటుపుస్తకంలో ఒకే పేజీలో రాసుకున్నాను. పదం ఒక్కటే కాదు, వాక్యం మొత్తం. అప్పుడే ఏ మాట పక్కన ఏ మాట వస్తుందో తెలుస్తుంది. డెసిషన్‌కు ‘మేక్’, హోంవర్కుకు ‘డూ’, రిస్కుకు ‘టేక్’. వీటికి సూత్రాలు వెతకకండి, జంటగానే నేర్చుకోండి.

పోటీపరీక్షలు రాసేవాళ్లందరికీ ‘హిందూ’ సంపాదకీయం చదవమని చెబుతారు. మొదట్లోనే ఆ పని వద్దని నా గట్టి అభిప్రాయం. ఎవరి సాయమూ లేకుండా హాయిగా చదివి అర్థం చేసుకోవాలంటే నూటికి 98 పదాలు ముందే తెలిసి ఉండాలని న్యూజిలాండ్ ఆచార్యుడు పాల్ నేషన్ పరిశోధనలు చెబుతున్నాయి. మూడు వందల పదాల పేజీలో తెలియనివి ఆరు అన్నమాట. అంతకు చాలా మించితే అది పక్కన పెట్టి తేలికైనది పట్టుకోండి, పిల్లల పుస్తకమైనా సరే. ఇంగ్లీషులో ఎక్కువగా వాడే మాటలను ఏరి 1953లో ఇంగ్లీషు బోధకుడు మైకేల్ వెస్ట్ ప్రచురించిన జాబితాలో ఉన్నవి సుమారు రెండు వేల మూల పదాలే. మామూలు రచనల్లో ఐదింట నాలుగు వంతులు వాటితోనే నడుస్తాయి. ఆయన ఢాకాలో ఉండి బెంగాలీ పిల్లల ఇంగ్లీషు చదువు మీద పనిచేసినవాడు, మన కష్టం దగ్గరగా చూసినవాడు. ఆ రెండు వేలు గట్టిపడకుండా అరుదైన పదాల వెంట పడటం శ్రమ దండగ.

నిఘంటువు విషయానికొస్తే, ఇంగ్లీషు నేర్చుకునేవారి కోసమే చేసినది వాడండి. 1978లో వచ్చిన లాంగ్‌మన్ నిఘంటువు దాదాపు రెండు వేల తేలిక మాటలతోనే అర్థాలన్నీ వివరించింది. అర్థం చదువుతుంటేనే మూల పదాలు మళ్లీ మళ్లీ కంటపడతాయి.

రాసుకున్నవి ఊరికే తిరగేయకండి. పదం మీద వేలు పెట్టి మూసి, మిగతా వాక్యం చూసి దాన్ని గుర్తుతెచ్చుకోండి. మర్నాడు ఒకసారి, మూడు రోజులకు, వారానికి, నెలకు. గుర్తురానిది మళ్లీ మొదటికి వస్తుంది. ఈ పద్ధతిలో రోజుకు నాలుగైదు పదాలు చాలు.

బ్యాంకు పరీక్షలాంటిది ఏదైనా నెలలోపే ఉంటే మాత్రం పర్యాయపదాల పట్టికలు తప్పవు, చదివేయండి. అంత తొందర లేకపోతే మీకు క్రికెట్ అవసరం లేదు, మీ చదువే ఉంది. రుతుపవనాలు, పత్తి ధరలు, కాలువ నీళ్ల వార్తలతో ఈ వారమే మొదలుపెట్టండి. పంట దిగుబడి గురించి రాసినచోట ‘యీల్డ్’ మీకు ఇట్టే తెలిసిపోతుంది. తర్వాత వ్యాపారం పేజీలో బాండ్ల మీద వచ్చే రాబడి గురించి రాసినచోట అదే మాట ఎదురైతే, ఆ వాక్యాన్ని కూడా తెచ్చి అదే పేజీలో రాసుకోండి.