ప్రార్థించినా స్వస్థత రాకపోతే మా విశ్వాసం తక్కువైనట్టేనా?

మీ నాన్నగారి కోసం ఆరు నెలలు ఉపవాసముండి ప్రార్థించారు, అయినా నయం కాలేదు. "మీకు విశ్వాసం చాలలేదు" అని ఎవరో అన్నారని రాశారు. ఆ మాట మనసులో పెట్టుకోకండి. అది బైబిలు వాక్యానికి సరిపోదు.

పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు. "నా కృప నీకు చాలును" అనే జవాబొచ్చింది (2 కొరింథీ 12). తన సహచరుడు త్రోఫిము జబ్బుపడితే పౌలు అతన్ని మిలేతు పట్టణంలోనే విడిచి వచ్చాడు. శిష్యుడు తిమోతిని కడుపు జబ్బుకి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. వీళ్ళలో ఎవరికి విశ్వాసం తక్కువ?

యాకోబు 5వ అధ్యాయం నూనె రాసి ప్రార్థించమంటుంది, నిజమే. కొందరు దాన్ని ఇప్పుడే తప్పక నెరవేరాల్సిన వాగ్దానంగా చదువుతారు. సంపూర్ణ స్వస్థత పునరుత్థానంలోనే అని ఇంకొందరంటారు. నాకు రెండోదే సబబనిపిస్తుంది.

మాది నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్ళతో నడుము వంగిపోయిన ఒక పెద్దమ్మ మా సంఘంలో గోడకానుకుని చాప మీద కూర్చుంటుంది. పాస్టరుగారు నుదుట నూనె రాసిన ప్రతిసారీ కళ్ళు మూసుకుంటుంది. నడుము నిటారు కాలేదు. వంగిన ఎముక మందులకూ తిరిగి రాదు. మంచినీళ్ళు మాత్రం పిల్లల్ని కాపాడతాయి. అందుకే ఆమె మనవరాలిని ఆ ఫ్లోరైడ్ బోరు నీళ్ళు ముట్టనివ్వదు.

నాన్నగారి మాత్రలు ఆపకండి. ప్రార్థనలో మాటలు రాకపోతే 88వ కీర్తన చదవండి, అది చీకట్లోనే ముగుస్తుంది.