విరిగిన పెట్రోల్ నిపిల్ గురించి మేనల్లుడికి

హన్మకొండ

చిరంజీవి అల్లునికి మామ ఆశీస్సులు.

మీ బాపు నడిపిన యమహా ఆర్‌ఎక్స్ 100 బండికి కార్బొరేటర్ (పెట్రోల్‌నూ గాలినీ కలిపి ఇంజనుకు పంపే భాగం) మీది పెట్రోల్ నిపిల్, అంటే పెట్రోల్ పైపు తగిలించే చిన్న ఇత్తడి గొట్టం, విరిగిందని, జగిత్యాలలో చూపిస్తే కార్బొరేటర్ మొత్తం మార్చాల్సిందేనని చెప్పారని రాశావు. అప్పుడే మార్చకు. ఆ బండ్లు మన దేశంలో 1985 నుంచి 1996 వరకే తయారయ్యాయి కనుక, బండితో పాటు వచ్చిన కార్బొరేటర్‌ను పారేస్తే మళ్లీ అసలుది దొరకడం కష్టం. అగ్గువకు దొరికే నకళ్లలో జెట్ల, అంటే పెట్రోల్‌ను కొలిచి వదిలే సన్న బెజ్జాల ముక్కల, కొలతలు ఒక్కోదానికి ఒక్కో తీరుగా ఉంటాయి. టూ స్ట్రోక్ ఇంజనుకు పెట్రోల్ తగ్గి గాలి పెరిగితే పిస్టన్ వేడెక్కి సిలిండర్‌లో పట్టేస్తుంది. వెయ్యి రూపాయలు మిగిలాయనుకుంటే సిలిండర్‌ను లోపల కోసి సరిచేసే బోరు పని మీద పడుతుంది.

ముందుగా నిపిల్ ఎక్కడ విరిగిందో భూతద్దంతో చూడు. ఇత్తడి గొట్టం మాత్రమే తెగి, దాన్ని పట్టుకున్న బాడీ భాగం నిక్షేపంగా ఉంటే పని సులువే. ఆ భాగంలోనే వెంట్రుకంత చీలిక కనిపించినా ఆశ వదులుకుని, పాత సామాన్ల దుకాణంలో అదే రకం బాడీ వెతుక్కోవడం మేలు. చీలిక మీద ఎపాక్సీ (గట్టిపడే జిగురు) ముద్ద పెట్టిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. మామూలు ముద్ద పెట్రోల్‌లో నానీ నానీ ఒకనాడు ఊడుతుంది, అప్పుడు పెట్రోల్ కారేది వేడి ఇంజను మీద. వెల్డింగ్ మాట అసలే వద్దు. ఆ కాలపు బాడీలు ఎక్కువగా జింకు మిశ్రమంతో పోత పోసినవి, ఆ లోహం సుమారు 380 డిగ్రీలకే కరగడం మొదలవుతుంది.

ట్యాంకు కింద ఉండే పెట్రోల్ కాక్ ఆఫ్ చేసి, కార్బొరేటర్ విప్పి, అడుగు గిన్నె, ఫ్లోట్లు, గిన్నె నిండగానే పెట్రోల్‌ను ఆపే నీడిల్ వాల్వ్, జెట్లు, రబ్బరు వాషర్లు అన్నీ తీసి ఒక పళ్లెంలో వరుసగా పెట్టుకో. ఈ పని ఆరుబయట చెయ్యాలి. పెట్రోల్ ఆవిరి గాలి కన్నా బరువైనది కాబట్టి నేల వెంబడి పాకుతుంది, దూరంగా ఉన్న పొయ్యి కూడా దానికి చాలు. బాడీ పూర్తిగా ఆరి వాసన పోయిన తర్వాతే తర్వాతి పనికి దిగు.

మిగిలిపోయిన ఇత్తడి ముక్కను ఈజీ అవుట్‌తో తిప్పి తీయబోతారు చాలామంది. అది విరిగి ఇరుక్కున్న మరల బోల్టును తిప్పి తీసే పనిముట్టు; ఈ గొట్టం మాత్రం కొట్టి బిగించినది. ఈజీ అవుట్ లోపలికి దిగినకొద్దీ గొట్టం వెడల్పై, చుట్టూ ఉన్న జింకును చీలుస్తుంది. దానికి బదులు ముక్క లోపల సన్నగా మరలు కోయించి ఒక స్క్రూ బిగించు. ఇంట్లో పొయ్యి మీద మరగబెట్టి దించిన నీళ్లను బయటికి తెచ్చి, బాడీని అందులో పది నిమిషాలు ముంచి, బట్టతో పట్టుకుని, స్క్రూ తలను ప్లయర్‌తో నేరుగా లాగు. వేడికి జింకు ఇత్తడి కన్నా ఎక్కువగా వ్యాకోచిస్తుంది కనుక పట్టు కాస్త సడలి ముక్క తేలిగ్గా రావచ్చు. రాకపోతే మళ్లీ ముంచు గానీ సుత్తి ముట్టుకోకు.

కొత్త నిపిల్‌ను లేతు మీద ఇత్తడితో చేయించు. వరంగల్‌కు పంపితే నేనే దగ్గరుండి చేయిస్తాను. రంధ్రం కన్నా గొట్టం 0.02 మిల్లీమీటర్ల మేర లావుగా ఉంటే చాలు, అంతకు మించితే బాడీ పగులుతుంది. లోపలి బెజ్జం పాతదాని కన్నా సన్నగా ఉండకూడదు, లేకపోతే బండి వేగంలో పెట్రోల్ చాలక మొరాయిస్తుంది. పైపు జారకుండా కొస చుట్టూ చిన్న గట్టు ఉంచమను. పాత గొట్టం ఎంత లోతు దిగిందో కొలిచి కొత్తదాని మీద గీత పెట్టుకుని, బాడీని మళ్లీ వేడి నీళ్లలో ముంచి, ఆ గీత దాకానే దించు. ఎక్కువ దిగితే నీడిల్ వాల్వ్‌కు వెళ్లే దారి మూసుకుపోతుంది. రంధ్రం అరిగి వదులైతే మాత్రం పెట్రోల్‌కు తట్టుకునే రిటైనింగ్ కాంపౌండ్ (లోహపు ముక్కలను పట్టి ఉంచే జిగురు) రాసి, ఒక రోజంతా కదపకుండా ఉంచాలి. ఇత్తడి పొడి రవ్వంత మిగిలినా, ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు పెట్రోల్ ఇచ్చే పైలట్ జెట్ మూసుకుపోతుంది కనుక, ప్రతి దారిలోనూ గాలి కొట్టించు. జెట్లలో తీగ పెట్టి పొడవకు.

ఇక ఆ నిపిల్ ఎందుకు విరిగిందో చూడాలి. నువ్వు పంపిన ఫోటోలో పైపు ఎండి కట్టెలా బిగుసుకుంది, పైగా దాని మధ్యలో బరువైన ఫిల్టర్ వేలాడుతోంది. ఇంజను అదిరినప్పుడల్లా ఆ బరువంతా నిపిల్ మీదే పడింది. బిగిసిన పైపును ప్లయర్‌తో మెలితిప్పి లాగిన చేయి ఎవరిదో నాకు తెలియదు గానీ, అటువంటి పైపును బ్లేడుతో నిలువునా కోసి తీయాలి. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తున్నందున పాత రబ్బరు త్వరగా పాడవుతుంది. ఇథనాల్‌కు తట్టుకునే పైపే అడిగి కొను. కాస్త వంపు మిగిలేలా పొడవు ఉంచు, ఫిల్టర్ పెట్టాలనుకుంటే తేలికది పెట్టు.

బండికి ఎక్కించే ముందు కార్బొరేటర్‌ను కాగితం మీద నిలబెట్టి, సీసాలోంచి పైపు ద్వారా పెట్రోల్ పట్టి, అరగంట వదిలెయ్యి. నిపిల్ మొదట్లో గానీ కాగితం మీద గానీ తడి కనిపిస్తే ఎక్కించకుండా నాకు ఫోన్ చెయ్యి.

నీ మేనమామ